అవసరమా అని అడిగిన సినిమా

ఆ సినిమా చూసి నేను అంతగా నవ్వకుండా ఉండాల్సింది. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ ఊరికే అనేది కాదు. పదేళ్ళ వయసులో తిరుత్తణి టెంటు కొట్టాయిలో ఇసుక మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్విన ప్రతి సన్నివేశమూ ఇప్పుడు యాభై తొమ్మిదో ఏట నా చుట్టాల ఇంట్లో, నా ఫోనులో, నేను రోజూ తిరువళ్ళూరు ఆఫీసుకి ఎక్కే లోకల్ రైల్లో పండి కూర్చుంది. ఎవరితో చెప్పుకున్నా "అట్లాంటి సినిమా ఒకటి వచ్చినాదా?" అంటారు. వచ్చింది. నేను చూశాను. పేరు మాత్రం గుర్తు లేదు, అదే నా ఖర్మ.

నన్ను ఆ సినిమాకి తీసుకెళ్ళింది మా చిన్నాయన, అంటే మా అమ్మ చెల్లెలి భర్త. కడంబత్తూరు దగ్గర ఒక పల్లెలో ఆయనకి సేద్యం. మల్లెపూల మూట తెచ్చి తిరుత్తణి అంగట్లో వేసి, వెంట వచ్చిన చిన్నమ్మతో మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం ఇద్దరూ సినిమా చూసుకుని వెళ్ళేవారు. కొట్టాయి అంటే గుడారమే. వెనక నాలుగు బెంచీలు, ముందంతా ఇసుక. చూసేవాళ్ళలో సగం మంది మాలాంటి తెలుగువాళ్ళు, సగం మంది తమిళులు. తెలుగు సినిమా వేసినా వాళ్ళు వచ్చేవారు, తమిళ సినిమా వేసినా మేం వెళ్ళేవాళ్ళం. అర్థం కాని మాట పక్కవాళ్ళని అడిగితే సరిపోయేది.

ఆ రోజు వేసింది అప్పటికే పాతబడిన నలుపు తెలుపు హాస్య చిత్రం. ఒక ఊళ్ళో ఒక సబ్బుల వ్యాపారి ఉంటాడు. సబ్బు ఎవరూ కొనరు. సున్నిపిండి ఉంది కదా, సీకాయ ఉంది కదా అంటారు. వాడు విసిగిపోయి సబ్బు సంగతి పక్కన పెట్టి ఒక పత్రిక మొదలుపెడతాడు. మొదటి రోజు పత్రికలో 'మన ఊరు కంపు కొడుతోంది' అని ఒక్క వార్త వేస్తాడు. అంతే! మర్నాటి నుంచి ఊరు ఊరంతా ఒకరినొకరు వాసన చూసుకోవడమే పని. తాళి కట్టబోతూ పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని వాసన చూస్తాడు. పూజారి హారతి పళ్ళెం ఎడంచేత్తో పట్టుకుని తన చంక తానే వాసన చూసుకుంటాడు. సబ్బులన్నీ చెల్లిపోతాయి. ఆ తర్వాత పత్రికలో 'మన ఊరివాళ్ళ చెవులు పెద్దవి' అని వస్తుంది, అంగట్లోకి చెవులు అణిచే పట్టీలు వస్తాయి. ఊళ్ళో ఒకే ఒక్కడు, బడిపంతులు, వ్యాపారి ఏం చూపించినా కళ్ళజోడు ముక్కు కొసకి దించుకుని "అవసరమా?" అంటాడు.

ఆ మాటకి తెలుగువాళ్ళం ఒకందుకు నవ్వితే తమిళులు ఇంకొకందుకు నవ్వారు. మనకి అవసరం అంటే కావలసి ఉండటం. తమిళంలో సరిగ్గా అదే మాటకి తొందర అని అర్థం. వ్యాపారి పంతుల్ని దారిలో అడ్డగించి చొక్కా పట్టుకుని లాగుతుంటే, ఈయన తాపీగా "తొందరా?" అని అడిగినట్టు వాళ్ళకి వినిపించింది. పక్కన కూర్చున్న ఒక తమిళ పెద్దాయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే, మా చిన్నాయన "అవసరం ఇల్లయ్యా, తేవై, తేవై" అని సర్దిచెప్పవలసి వచ్చింది. మన అవసరానికి వాళ్ళ మాట తేవై. ఈ తేడా మా వైపు ఊళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలుసని నేను నిన్నమొన్నటి దాకా అనుకుంటూ వచ్చాను.

సినిమా చివర్లో పంతులు తండ్రి చనిపోతాడు. వ్యాపారి పత్రికలో పనిచేసేవాడు ఒకడు కెమెరా మోసుకుని వచ్చేస్తాడు. పంతులు తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే ఫోటో తీసి, నాలుక కరుచుకుని, "అమ్మా, వెలుతురు చాల్లేదు, ఇంకొక్కసారి ఏడవండి" అంటాడు. ఆమె తెల్లబోయి చూస్తుంది. వాడు పాడె వెనక సబ్బుల బోర్డు నిలబెట్టి, దాన్ని అటు జరిపి ఇటు జరిపి, "ఆఁ, ఇప్పుడు" అంటాడు. కొట్టాయి మొత్తం ఘొల్లున నవ్వింది. నెల తిరక్కుండా ఆ ఏడుపు మొహం సబ్బు కాగితం మీద అచ్చవుతుంది, 'కన్నీటి సబ్బు' అని జనం ఎగబడి కొంటారు. పంతులు కర్ర పట్టుకుని అంగడి పగలగొట్టడానికి వెళతాడు. అక్కడ దండెం మీద వరసగా వేలాడుతోంది తల్లి మొహం. కొట్టడానికి చెయ్యి రాదు. అలా వదిలిపెట్టి రావడానికీ కాళ్ళు రావు. ఉన్న సబ్బులన్నీ కొనేసి చంకలో పెట్టుకుని బయటికి వస్తాడు. వ్యాపారి గుమాస్తాని పిలిచి, "బాగా పోతోంది, ఇంకా అచ్చెయ్యి" అంటాడు. అక్కడ శుభం పడింది.

మేం నవ్వుకుంటూ బయటికి వచ్చాం. నవ్వనిది మా చిన్నమ్మ ఒక్కతే. "ఆ తల్లి మొగం అట్ల దండేనికి ఏలాడదీసినారే, దానికి నవ్వేదేంది?" అంది. చిన్నాయన "అది నిజం కాదులే మే, తమాషాకి తీసినారు" అన్నాడు. తమాషాకే తీశారని నేనూ నమ్మాను.

ఆ రోజు నుంచి 'అవసరమా' అనే మాటని చిన్నాయన సొంతం చేసుకున్నాడు. కళ్ళజోడు లేకపోయినా ముక్కు కొసకి చెయ్యి పోనిచ్చి, పంతుల్లాగే తల వంచి అడిగేవాడు. ఇంట్లోకి టీవీ అంటే "అవసరమా?" పెళ్ళికి కొత్త పట్టుచీర అంటే "అవసరమా?" పిసినారితనం కాదు. అవసరమని తేలితే మర్నాడే తెచ్చేవాడు. చిన్నమ్మ పొయ్యి పొగకి దగ్గి దగ్గి ఒకనాడు "గ్యాసు పొయ్యి అవసరమే" అని గట్టిగా అంటే, ఆ పల్లెలో మొదటి గ్యాసు పొయ్యి వాళ్ళింటికే వచ్చింది. ఇక పొగ వదిలిందని చిన్నమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు మనవరాలి సంగతి. చిన్నమ్మ కొడుకు నాకు తమ్ముడి వరస, వాడి కూతురు నన్ను అత్తా అంటుంది. ఇంజనీరింగ్ చదివింది, రెండేళ్ళు ఏదో ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసింది, మానేసి వచ్చి చిన్నమ్మ చేత వంటలు చేయిస్తూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. పల్లెటూరి అవ్వ వంటలు. ఆ వీడియోల కోసం పెరట్లో మళ్ళీ మట్టి పొయ్యి వేశారు. లోపల గ్యాసు పొయ్యి మూసిపెట్టి, మా చిన్నమ్మ బయట మళ్ళీ పొగలో కూర్చుని దగ్గుతుంది. ఇంట్లో ఆమె వేసుకునేది నైటీ, భుజం మీద తుండు. వీడియోకి మాత్రం గోచీ పోసి కట్టిన చీర కావాలి. జన్మలో ఎప్పుడూ గోచీ కట్టని మనిషి! ఆమె కారం పొడి ఆమె మరకి తీసుకెళ్ళి ఆడించుకుంటుంది. వీడియోలో మాత్రం ఏదో కంపెనీ కొళంబు పొడి, అదే పులుసు కారం, ప్యాకెట్టు కత్తిరించి పులుసులో పోసి, "మా యవ్వ చేసినట్లే ఉండాది" అనాలి. ప్యాకెట్టు పక్కకి తిరిగితే చాలు, ఆ పిల్ల కెమెరా వెనక నుంచి, "బొమ్మ కనపడేట్ల పెట్టవ్వా" అంటుంది.

సబ్బు, పత్రిక, బోర్డు. నాకు ఒళ్ళు మండిపోయేది. చెబితే వినేవాళ్ళు లేరు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే ఎగతాళి చేసేవారు. నిజం చెప్పాలంటే చిన్నాయన మోకాలికి ఆపరేషన్ జరిగింది ఆ వీడియోల పుణ్యానే. అది నాకు తెలుసు. తెలిసినా మంట చల్లారలేదు.

విచిత్రం ఏమిటంటే, చిన్నాయన ఆ పిల్లని చూసి మురిసిపోయేవాడు. "నా మనవరాలు శానా తెలివైంది మే. కొత్త ఫోను గురించి చెప్తా ఉంటే, 'అవసరమా పాపా?' అని అడిగినా. 'అవసరం లేదు తాతా' అనేసింది. అట్లుండాల పిల్లలంటే" అని నాతో చెప్పాడు. పది రోజులకి ఆ ఫోను ఇంటికి వచ్చింది. "వద్దనిందే, మళ్ళా కొనిందే!" అని ఆయన అయోమయంలో పడ్డాడు. లైటు విషయంలోనూ అంతే, మైకు విషయంలోనూ అంతే. అవసరం లేదు తాతా అనేది, ఆ తర్వాత మెల్లగా వస్తువు దిగేది. చివరికి తన చెవుల్లోనే ఏదో లోపం ఉందని నిర్ణయించుకుని ఊరుకున్నాడు. నేనైతే ఆ పిల్ల నోటితో ఒకటి చెప్పి చేత్తో ఒకటి చేసే రకమని తీర్మానించేశాను.

పోయిన ఎండాకాలంలో చిన్నాయన చనిపోయాడు. పొద్దున్నే మల్లెతోటకి వెళ్ళి వచ్చి, గోడకి ఆనుకుని కాఫీ తాగుతూ కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అరవై ఏళ్ళ కాపురం. చిన్నమ్మ ఏడవలేదు. శవాన్ని ఎత్తేటప్పుడు ఏడవలేదు, బూడిద మీద పాలు పోసి వచ్చిన రోజూ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీ అందిందా లేదా అని చూసుకుంటూ తిరిగింది. "ఏడిచెయ్ చిన్నమ్మా, గుండెల్లో పెట్టుకోవద్దు" అని నేను బతిమాలితే, "రావడం లేదు మే, ఏం చెయ్యమంటావు?" అంది. ఆమెని ఆ స్థితిలో వదిలి వెళ్ళలేక ఆఫీసుకి సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను.

నాలుగో రోజు పొద్దున ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, చేతిలో ఫోను ఉంది.

"అత్తా, వీడియో పెట్టి వారం అయిపోయినాది. తాతకి ఏమయింది, అవ్వ ఎట్లుండాది అని అందరూ అడగతా ఉండారు. కంపెనీవాళ్ళు కూడా రెండుసార్లు ఫోన్ చేసినారు. ఈ పొద్దు అవ్వ చేత రెండు మాటలు చెప్పించి పెట్టేస్తా."

నేను బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టాను.

"అవసరమా?" అన్నాను.

"అవసరమే అత్తా. శానా, రొంబ అవసరం" అంది, తడుముకోకుండా.

నా కోపం నషాళానికి అంటింది. ఆ మాట అడగడానికి నాకు ఎంత బాధ కలిగిందో, చెప్పడానికి ఆ పిల్లకి అంత తేలికైపోయింది. నోటికి వచ్చినట్టు తిట్టాను. తాత బూడిద ఇంకా చల్లారలేదన్నాను. అవ్వ కన్నీళ్ళు పొడి పొట్లాలు అమ్ముకోవడానికా అన్నాను. ఇదంతా ఒక సినిమాలో నా పదో ఏటే చూశానని, అచ్చం ఇలాగే బోర్డు పెట్టి ఏడిపించారని మొత్తం కథ చెప్పాను. ఆ పిల్ల నిలబడి విన్నది. విని ఫోనులో వెతికింది. తమిళంలో టైపు చేసి వెతికింది, ఎందుకంటే దానికి తెలుగు రాయడం రాదు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది నేనే, క గుణింతం దాటలేదు.

"అట్లాంటి పడం యాడా లేదత్తా. నువ్వు ఇంకేదో చూసి కలిపేసుకోనుంటావు" అంది.

ఇంతకంటే మండే మాట ఉంటుందా? వీళ్ళ బతుకంతా ముందే చెప్పిన సినిమా వీళ్ళ ఫోనులో లేదు కాబట్టి లోకంలోనే లేదు! రీళ్ళు ఎక్కడో చెదలు తినేసి ఉంటాయి, కొట్టాయి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగళ్ళు ఉన్నాయి. ఆ సినిమా చూసినట్టు సాక్ష్యం చెప్పగలిగిన మనిషి గోడ మీద దండ వేసుకుని ఉన్నాడు. రెండో సాక్షి వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, మొగుడు పోయిన నాలుగో రోజున ఆమెని సినిమా సంగతి అడుగుతానా?

చిన్నమ్మ ఒప్పుకుంది. మనవరాలు ఏం అడిగినా ఆమె కాదనదు. నేను అడ్డం పడితే, "పోనీలే మే, పాప అడగతా ఉండాది కదా. రెండు మాటలే కదా" అని నన్నే ఊరుకోబెట్టింది. నాకు ఒకటే భయం. నాలుగు రోజులుగా రాని ఏడుపు ఆ కెమెరా ముందు వస్తుందేమో, వస్తే దాన్ని కూడా కత్తిరించి అతికించి ఊరందరికీ చూపిస్తారేమో అని. అరవై ఏళ్ళు తోడున్న మనిషిని పోగొట్టుకున్న ఏడుపు ఆమెకి ఒక్కసారే వస్తుంది. అది ఆమెది. ఇంకెవరిదీ కాదు.

మధ్యాహ్నం వసారాలో అన్నీ అమర్చింది ఆ పిల్ల. చిన్నాయన ఫోటో, దానికి దండ, ముందు దీపం, పక్కన కుర్చీ. దీపానికి అవతల చిన్న స్టూలు మీద కొళంబు పొడి ప్యాకెట్టు. దాన్ని చూసి నేను నోరు తెరవబోయాను.

"తీయకూడదత్తా. ప్రతి వీడియోలో ఉండాలని సంతకం పెట్టినా. ఓరగా పెట్టినా కదా" అంది. దాన్ని అటు జరిపింది, ఇటు జరిపింది, ఫోనులో చూసుకుంది.

చిన్నమ్మ వచ్చి కూర్చుంది. నైటీ మీద తుండు కప్పుకుని అలాగే వచ్చింది. ఆ పిల్ల ఆ రోజు చీర సంగతి ఎత్తలేదు. అంతవరకు నయం.

"అవ్వా, తాత గురించి నీకు ఏం తోస్తే అది చెప్పు. చూసేది ఇక్కడ" అని కెమెరా చూపించింది.

చిన్నమ్మ కెమెరాని చూడలేదు. ఫోటో వైపు తిరిగింది. "ఈయప్ప..." అని మొదలుపెట్టి ఆగింది. "ఈయప్ప తోటకి పొయ్యి వచ్చినాడు. కాఫీ ఇచ్చినా. చక్కెర చాల్లేదన్నాడు. నేను తేవడానికి లోపలికి పోయినా..." గడ్డం వణికింది. నాలుగు రోజులుగా నేను ఎదురుచూస్తున్నది అదే, రాకూడదనుకున్నది కూడా అప్పుడే. కళ్ళలో నీళ్ళు నిండాయి.

సరిగ్గా అప్పుడు వీధిలో ఒక బండి బర్రుమని హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అయ్యో, సౌండు వచ్చేసినాది" అంది ఆ పిల్ల, ఫోను మీంచి కళ్ళెత్తకుండా. "అవ్వా, ఆడి నుంచే ఇంకోసారి."

వెలుతురు చాల్లేదు, ఇంకొక్కసారి. నాకు కొట్టాయి ఇసుక కాళ్ళ కింద తగిలింది. ఆ రోజు నవ్విన నవ్వంతా గొంతుకి అడ్డం పడింది. అరవబోయాను కానీ నా కంటే ముందు చిన్నమ్మ మాట్లాడింది. ఆమె ఫోటోని చూసింది, ప్యాకెట్టుని చూసింది, నిదానంగా మనవరాలి వైపు తిరిగింది.

"అవసరమా పాపా?" అంది.

చిన్నాయన అడిగినట్టే అడిగింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. తాత అడిగినప్పుడల్లా చెప్పిన జవాబే అలవాటుగా దాని నోట్లోంచి వచ్చింది.

"అవసరం లేదవ్వా. మెల్లగా."

చిన్నమ్మ తల ఊపింది. "అవసరం లేదంట" అని ఫోటోతో చెప్పింది. తుండుతో మొహం ఒత్తుకుని లేచి, స్టూలు మీద ప్యాకెట్టు తీసి చంకలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడిపోయింది. దాని 'అవసరం లేదు' పక్కన ఎప్పుడూ ఒక 'మెల్లగా' ఉండి ఉంటుందని, చిన్నాయన మాకు చెప్పేటప్పుడు ఆ మెల్లగాని వదిలేసి ఉంటాడని అప్పుడు నా బుర్రకి ఎక్కింది. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా రెండు భాషల కాగితాలు చూసినదాన్ని, నా ఇంటి పిల్ల ఏ భాషలో వింటోందో చూసుకోలేదు.

లోపల నుంచి చిన్న శబ్దం వచ్చింది. తర్వాత పెద్దగా వచ్చింది. చిన్నమ్మ ఏడుస్తోంది. నేను పరుగున వెళ్ళి వంటింటి తలుపు దగ్గరికి లాగి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వెనకే ఆ పిల్ల వచ్చింది. ఫోను చేతిలోనే ఉంది.

"ఏమయినాదత్తా? మెల్లగా చెయ్యమనే కదా నేను చెప్పినా? తప్పుకో."

జన్మంతా తెలుగు తెలుగు అని ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడినదాన్ని. ఆ క్షణంలో నాకు వేరే దారి లేకపోయింది. దాని కళ్ళలోకి చూసి తమిళంలో అడిగాను.

"తేవైయా?"

"ఎన్న?" అంది.

"మీ తాత అవసరమా అంటే తేవైయా అని అర్థం. తొందరా అని కాదు."

ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"ఫోను కొనేటప్పుడూనా?"

"ఫోను కొనేటప్పుడూ అదే అడిగినాడు. నువ్వు అవసరం లేదంటే ఊరంతా చెప్పుకొని మురిసిపోయినాడు."

ఆ పిల్ల గోడకి జారగిలి కింద కూర్చుంది. "అందరూ తొందర పెట్టేవాళ్ళేనత్తా. కాలేజీలో, పనిలో, ఈ కంపెనీవాళ్ళు, చూసేవాళ్ళు, అందరూ ఇప్పుడే కావాలంటారు. తాత ఒక్కడే తొందరా పాపా అని అడగతాడు, నిదానంగా చేసుకో అంటా ఉండాడు అనుకున్నా నేను" అని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

నేను అప్పటి దాకా కూడబెట్టుకున్న తిట్లన్నీ దేనికీ పనికిరాకుండా పోయాయి. తలుపుకి అటు ఆమె, ఇటు ఈ పిల్ల ఏడుస్తుంటే మధ్యలో నిలబడ్డాను. ఫోను నేల మీద బోర్లా పడి ఉంది.

ఆ రోజు తీసిన ముక్కని ఆ పిల్ల చెరిపేసింది. నాకు చూపించి మరీ చెరిపింది. దాంతో అంతా మారిపోయిందని అనుకోకండి. కర్మ అయిన మరుసటి వారమే మట్టి పొయ్యి మళ్ళీ వెలిగింది. చిన్నమ్మ మళ్ళీ దగ్గుతోంది, మళ్ళీ "మా యవ్వ చేసినట్లే" అంటోంది. ఏమంటే, "పొద్దు పోతా ఉండాది మే. ఊరికే కూర్చుంటే ఈయప్పే గుర్తొస్తా ఉండాడు" అంటుంది. మనవరాలు మాత్రం ఇప్పుడు ఏదైనా కొనేముందు నాకు ఫోన్ చేసి "అత్తా, తేవైయా?" అంటుంది. నేను వద్దంటాను. కొనేస్తుంది. నా మాట చెవిటివాడి ముందు శంఖమే.

మొన్న ఆఫీసు నుంచి వస్తూ చిన్నమ్మని చూద్దామని కడంబత్తూరులో దిగాను. స్టేషన్ బయట అంగట్లో దండెం మీద షాంపూ పొట్లాల పక్కన కొళంబు పొడి ప్యాకెట్లు వేలాడుతున్నాయి. కొత్త ప్యాకెట్టు. మీద మా చిన్నమ్మ మొహం. ఏడుపు మొహం కాదు, పాత వీడియోలోది, నోరంతా తెరిచి నవ్వుతున్న మొహం. పైన ఒకటి, కింద ఒకటి, వరసగా అరడజను. గాలికి అటూ ఇటూ తిరుగుతున్నాయి.

తెంపి రోడ్డు మీద పారేద్దామనుకున్నాను, అంగడివాడితో గొడవ పెట్టుకుందామనుకున్నాను. వాడు "ఎన్నమ్మా వేణుం?" అన్నాడు. ఏం కావాలి? నా ఇంట్లో పులుసు కారం డబ్బా నిండుగా ఉంది. చిన్నమ్మే ఆడించి ఇచ్చింది. అవసరమా అని నన్ను నేను అడుక్కున్నాను, తెలుగులోనే అడుక్కున్నాను. అవసరం లేదు. ఆ మాటలో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ ఆ మొహాన్ని అలా దండేనికి వదిలేసి రావడానికి కాళ్ళు రాలేదు. ఆరూ కొన్నాను.

వాడు లోపలికి వంగి ఇంకో వరస తీసి తగిలించాడు.

ఆ రోజు చిన్నమ్మ దగ్గరికి పోలేదు. వచ్చిన రైలు ఎక్కి తిరుత్తణి వచ్చేశాను. ప్యాకెట్లు సంచిలోంచి తీసి వంటింటి అల్మరాలో పెట్టాను. ఒక్కటీ తెరవలేదు. బొమ్మ కనపడేట్లే పెట్టాను.